పదకొండు అంగుళాల అడుగు

ఇంటి ప్లాన్లు గీయడానికి డబ్బు పెట్టి కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. పాలిటెక్నిక్ పిల్లలు ఫోన్ చేస్తారు, కొత్తగా ఆఫీసు పెట్టుకున్నవాళ్లు ఇంటికే వస్తారు. నేను రిటైరై ఆరేళ్లయింది, కళ్లజోడు నంబరు రెండుసార్లు మారింది, ఈ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పేరు చెప్పమంటే చెప్పగలను. కానీ పేరొక్కటే చెప్పి పంపిస్తే నా మనసు ఊరుకోదు. అందుకే ఆ సంగతంతా ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను. చదివాక కూడా పేరే కావాలనిపిస్తే మీ ఇష్టం.

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద సిమెంటు కొట్టు పైన మా ఆఫీసు ఉండేది. పంచాయతీ అనుమతికి, బ్యాంకు లోనుకు, కట్టుకోవడానికి కావలసిన ప్లాన్లు గీసి ఇచ్చేవాళ్లం. ఆఫీసు సార్‌ది. ఆయన ఇంజనీరు, సంతకం ఆయనది, గీత నాది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి తొంభైల మొదట్లో చేరాను. సర్టిఫికెట్ మీద కూడా డ్రాఫ్ట్స్‌మన్ అనే ఉంది, నేను ఆడదాన్నని వాళ్లకు తట్టలేదు. సార్ మంచి మనిషే గానీ, ఏ కష్టమైన విషయం వచ్చినా "నువ్వే చూడమ్మా" అని కుర్చీ వెనక్కి తిప్పుకునేవారు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టలేదు. పెట్టుంటే ఉద్యోగం మానేసేదాన్నేమో.

మొదట్లో అంతా చేత్తోనే. నూనె కాగితంలా ఉండే ట్రేసింగ్ షీటు మీద ఇంకు పెన్నుతో గీసేదాన్ని. తప్పు పోతే బ్లేడుతో గీరాలి. దాన్ని అమ్మోనియా మిషన్లో పెడితే నీలం గీతల ప్రింటు వచ్చేది. కళ్లు మండేవి, ముక్కు మండేది, చీరలకు ఆ వాసన ఉతికినా పోయేది కాదు. అయితే ఆ ప్రింటులో ఒక గొప్పతనం ఉంది. ట్రేసింగ్ షీటును ప్రింటు కాగితం మీద ఆనించి తీస్తారు కాబట్టి, నేను రెండంగుళాల గీత గీస్తే ప్రింటులోనూ అది రెండంగుళాలే. పెరగదు, తరగదు. మేం అర అంగుళానికి ఒక అడుగు లెక్కన గీసేవాళ్లం. రెండంగుళాలంటే నాలుగడుగులు. అది ఎవరైనా స్కేలు పెట్టి చూసుకోవచ్చు.

చూసుకునేవాడొకడు ఉండేవాడు. శామీర్‌పేట వైపు ఇళ్లలో సగం ఇళ్లు కట్టిన మేస్త్రీ. చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు పెట్టుకుని తిరిగేవాడు. బీడీ కట్ట మర్చిపోయినా స్కేలు మర్చిపోయేవాడు కాదు. అంకెలు చదవడం వచ్చు, కానీ అంకెల మీద ఆయనకు నమ్మకం లేదు. ఒకసారి కీసర దగ్గర ఒక ఇంటి ప్లాన్లో పడకగది వెడల్పు పదకొండడుగులు గీసి, తొందరలో పది అని రాశాను. ఆయన ప్లాను చుట్టుకుని రెండు బస్సులు మారి ఆఫీసుకు వచ్చాడు. నా బల్ల మీద కాగితం పరిచి, స్కేలు పెట్టి, "గీత పదకొండు అంటాంది, అంకె పది అంటాంది. ఏది నమ్మాలె మేడం?" అన్నాడు.

ఆయన రాకపోతే ఆ గది ఒక అడుగు పోయేది. నాకు సిగ్గుతో పాటు ప్రాణం లేచొచ్చినట్టయింది. టీ తెప్పించాను. తాగుతుంటే, అంకె చేతితో రాసేది, తప్పు పోవచ్చు, గీత స్కేలు పెట్టి గీసేది, అది తప్పదు, ఇక నుంచి గీతనే నమ్ము మేస్త్రీ అని నేనే చెప్పాను. ఈ మాట నా నోటితో నేనే అన్నానని గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను, ఆయన మర్చిపోలేదు.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఊరంతా వాడే ఖరీదైన సాఫ్ట్‌వేరే మా ఆఫీసులోనూ ఉండేది, కాకపోతే ఎవరో సీడీలో కాపీ చేసి ఇచ్చింది. అప్పుడు అందరిదీ అంతే, దాన్ని దొంగతనమని ఎవరూ అనుకోలేదు. బస్టాండు దగ్గర పెద్ద కాగితాల ప్రింటు తీసే షాపు ఉండేది. ఆ షాపాయన దగ్గర కూడా అదే కాపీ. నేను ఫైలు తీసుకెళ్లి ఇస్తే ఆయన తెరిచి, స్కేలు పెట్టి, సరిగ్గా తీసిచ్చేవాడు. అమ్మోనియా వాసన పోయింది, గీత పొడవు మాత్రం మారలేదు. మేస్త్రీ జేబులో స్కేలు అలాగే పని చేసింది. దాదాపు పదేళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

రెండువేల ఏడో ఎనిమిదో సరిగా గుర్తు లేదు, సార్‌కు భయం పట్టుకుంది. సికింద్రాబాద్‌లో ఆయనకు తెలిసిన ఒక ఆఫీసులో కాపీ సాఫ్ట్‌వేర్ల కోసం తనిఖీ జరిగిందని ఎవరో చెప్పారట. జరిగిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున సార్ నా బల్ల దగ్గరికి వచ్చి, దొంగది తీసెయ్యమన్నారు. సరే, లైసెన్సు కొందామా అన్నాను. ధర కనుక్కుని చెప్పాక ఆయన మంచినీళ్లు తాగారు. దొంగదీ వద్దు, కొనేదీ వద్దు, మధ్యలో ఏదన్నా ఉంటుంది, "నువ్వే చూడమ్మా" అన్నారు.

మధ్యలో నిజంగానే ఒకటి ఉంది. ఓపెన్ సోర్స్ అంటారు. తయారుచేసినవాళ్లే లోపలి రాతకోతలన్నీ బయట పెట్టి, ఎవరైనా దించుకోండి, వాడుకోండి, బాగుచేసుకోండి అని వదిలేస్తారు. మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఉచితంగా ఇచ్చేవాళ్లు ఏదో ఒకటి అంటగడతారని మేడ్చల్లో ప్లాట్లు అమ్మేవాళ్లను చూసిన ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఇందులో మోసమేమీ లేదు. మోసమంతా మా అలవాట్లలో ఉంది, అది తర్వాత తెలిసింది.

మూడు వారాలు అదే పని. ఆఫీసు ఇంటర్నెట్ ఫోను తీగ మీద నడిచేది. పొద్దున మొదలుపెట్టిన ఫైలు సాయంత్రానికి దిగేది, చివరి ముక్క దిగుతుండగా సార్ బావమరిది ఫోన్ చేసేవాడు, లైను తెగేది, మళ్లీ మొదటి నుంచి. ఆ బావమరిది ఎప్పుడూ ఒక్క పనికొచ్చే మాట చెప్పడానికి ఫోన్ చేయలేదు.

మొదట దించిన దాంట్లో ఇల్లు బొమ్మలా లేచి నిలబడేది. గోడలకు రంగులు, హాల్లో సోఫా, సోఫాను వేలితో తిప్పినట్టు తిప్పొచ్చు. సార్ దాన్ని చూసి మురిసిపోయారు. వచ్చిన ప్రతివాళ్లకూ ఆ సోఫా తిప్పి చూపించేవారు. నేను మాత్రం తొమ్మిదంగుళాల గోడకూ నాలుగున్నర అంగుళాల గోడకూ తేడా చూపించే దారి కోసం రెండు రోజులు వెతికాను, దొరకలేదు. సోఫా ఎన్ని వైపులు తిరిగితే మేస్త్రీకి ఏం లాభం. రెండో దాంట్లో మీటర్లు తప్ప ఇంకోటి లేదు. మా దగ్గర మీటరంటే కరెంటుది, ఆటోది. ఇల్లు అడుగుల్లోనే కట్టాలి.

మూడోది చూడ్డానికి బాగుండదు. నల్లటి తెర, మీద పిచ్చి గీతలు. కానీ అడుగులు, అంగుళాలు సరిగ్గా తీసుకుంది. గోడలు ఒక పొరలో, తలుపులు ఒక పొరలో, కరెంటు పాయింట్లు ఒక పొరలో పెట్టుకోనిచ్చింది. కొలతలు అదే రాసేది, కాబట్టి పదకొండును పది అని రాసే భయం లేదు. పాత ఫైళ్లు తిన్నగా తెరిచేది కాదు, ఇంకో రూపంలోకి మార్చి ఇవ్వాలి. తెలుగులో వంటగది అని రాస్తే నాలుగు డబ్బాలు కనిపించేవి. సరే, డబ్బాలైతే డబ్బాలని ఇంగ్లీషులోనే రాసుకున్నాను. చిరిగిన ట్రేసింగ్ షీటు వెనక పదకొండు ప్రశ్నలు రాసుకుని ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. అంత పద్ధతిగా నేను పెళ్లి సంబంధం కూడా చూసుకోలేదు. దీన్నే వాడదామని సార్‌కు చెబితే, మరి సోఫా ఎట్ల అని ముఖం చిన్నబుచ్చుకున్నారు.

ఆ పదకొండు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ప్రింటు షాపు గురించి లేదు.

కొత్త సాఫ్ట్‌వేర్లో నేను గీసిన మొదటి పెద్ద పని తూంకుంటలో ఒక ఇల్లు. ఇంటాయన బస్సు కండక్టరు. ఆయన భార్య శామీర్‌పేటలో రోడ్డు పక్క ఎస్టీడీ బూత్ నడిపేది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పనిచేయవు, చక్రాల కుర్చీలో ఉంటుంది. ఇద్దరూ కలిసి ప్లాటు కొనుక్కుని, లోను పెట్టుకుని, ఇల్లు కట్టుకుందామనుకున్నారు. ఆమె మెట్లెక్కి మా ఆఫీసుకు రాలేదు కదా, నేనే బూత్‌కు వెళ్లాను. కండక్టరు హాలు పెద్దగా ఉండాలన్నాడు, టీవీ పెట్టే గోడ ఏదో చూపించాడు, ముందు వరండాకు స్తంభాల డిజైన్ చెప్పాడు. ఆమె అంతసేపూ కస్టమర్ల బిల్లులు చూసుకుంటూ కూర్చుంది. ఆయన లేచి టీ తేవడానికి వెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచింది.

"అక్కా, గిప్పుడున్న కిరాయింట్ల బాత్‌రూం బయటున్నది. ఆయన ఎత్తుకపోతెనే పోవుడు. ఆయన డ్యూటీల ఉన్న దినం నేను సాయంత్రం దాంక నీళ్లు తాగ. కొత్తింట్ల నేను ఒక్కదాన్నే పోయి, ఒక్కదాన్నే రావాలె. ఇంకేమద్దు నాకు."

నేను తలూపాను. అప్పటికి వందల ఇళ్లు గీసి ఉంటాను. ఈశాన్యం మూల ఎక్కడ, పోర్టికోలో కారు పడుతుందా, మెట్ల కింద ఏం పెట్టాలి అని అడిగినవాళ్లే గానీ, బాత్‌రూంకు ఒంటరిగా వెళ్లాలని అడిగిన మనిషి నాకు ఎదురుకాలేదు. ఎవరూ అడగరు కదా, అందరూ వెళ్తూనే ఉంటారు.

సుద్దముక్క అడిగి తీసుకున్నాను. ఆమెను బూత్ ముందు గచ్చు మీద కుర్చీలోనే గుండ్రంగా తిరగమన్నాను. చక్రాల జాడ మీద సుద్దతో గీసి, టేపు పెట్టి కొలిచాను. అయిదడుగులు కావాలి. అంతకు తగ్గితే ముందుకూ వెనక్కీ గుంజుకోవాల్సిందే. ఆఫీసుకొచ్చి ఆ అయిదడుగుల చుట్టూ ఇల్లంతా గీశాను. ఎడమ పక్క పదకొండడుగుల పడకగది, కుడి పక్క పదమూడడుగుల హాలు, మధ్యలో అయిదడుగుల వెడల్పుతో ఒక పట్టీ. పట్టీలో ముందు సగం నడవ, వెనక సగం బాత్‌రూం. పడకగది నుంచి నడవలోకి రావాలి, అక్కడ తిరగాలి, నేరుగా బాత్‌రూంలోకి పోవాలి. పట్టుకునే కమ్మీలు ఎంత ఎత్తులో ఉండాలో, కుళాయి ఎక్కడుండాలో, బోల్టు ఆమె చేతికి ఎక్కడ అందుతుందో అన్నీ విడిగా పెద్దవి చేసి గీశాను. నా సర్వీసులో అంత ఇష్టంగా గీసిన ప్లాను ఇంకోటి లేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, తర్వాత జరిగింది చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి.

ప్రింటు షాపుకు వెళ్తే ఆయన దగ్గర నా కొత్త సాఫ్ట్‌వేర్ లేదు. ఉచితంగా వస్తుంది, వేసుకోండి అన్నాను. ఉచితంగా వచ్చేవి తన మిషన్లో వేయనన్నాడు. అప్పటిదాకా ఆయన వాడేదంతా ఏ కొట్లో కొన్నాడో. వాదించి లాభం లేక ఆఫీసుకు తిరిగొచ్చి, ఎక్కడైనా తెరుచుకునేలా పీడీఎఫ్ చేసి తీసుకెళ్లాను. నేను పెట్టిన కాగితం సైజు ఆయన రోలు కంటే కొంచెం పెద్దది. ఆ సంగతి ఆయన చూడలేదు, నాకు చెప్పలేదు. ఆయన కంప్యూటర్లో "కాగితానికి సరిపోయేలా" అన్న గడిలో ఎప్పట్నుంచో టిక్కు పెట్టే ఉందట. మిషన్ బొమ్మను కొంచెం కుదించి, చక్కగా, అందంగా తీసిచ్చింది. చుట్టూ తెల్లటి అంచు మామూలు కంటే వెడల్పుగా వచ్చింది. అది నా కంటపడింది. భలే నీటుగా ఉంది అనుకున్నాను. నీటుగా ఉందని అనుకున్న ఆ క్షణాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ కాగితం మీద ప్రతి అడుగూ పదకొండు అంగుళాలైపోయింది. రాసిన అంకెలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

పిల్లర్లు, స్లాబు ప్లాటు హద్దుల ప్రకారం, బయటి కొలతలతో పడ్డాయి, కాబట్టి వాటికేం కాలేదు. ఆ తర్వాత లోపలి గోడలకు మేస్త్రీ ప్లాను పరిచాడు. అదే మేస్త్రీ, అదే స్టీలు స్కేలు. ఎడమ గోడ నుంచి మొదలుపెట్టి పడకగది కొలిచాడు, తర్వాత పట్టీ కొలిచాడు, మిగిలింది హాలన్నాడు. ఆ మిగిలిన హాలు అనుకున్న దానికంటే అడుగు మీద నాలుగంగుళాలు ఎక్కువొచ్చింది. దానికి ఎవరైనా ఏం చేయాలి? ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి కదా. అర గజం జాగా కోసం అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కే ప్రాంతం మాది. ఊరికే పదహారు అంగుళాలు దొరికితే మాత్రం ఒక్కడూ నోరెత్తలేదు. కండక్టరు సంబరపడ్డాడు, మేస్త్రీ తన పనితనం అనుకున్నాడు. ఎస్టీడీ బూత్ ఓనరు ఇంట్లో, నాకు ఒక్క ఫోన్ చేయడానికి ఎవరికీ తీరలేదు.

గోడలు లేచాయి. ప్లాస్టరింగ్ మొదలుపెట్టే ముందు ఆమెను ఇల్లు చూపించడానికి తీసుకెళ్లారు. ఆ మధ్యాహ్నమే కండక్టరు ఫోన్ చేశాడు. మేడం, మా ఇంటామె కుర్సీ తిరుగుత లేదు అన్నాడు. నాకు అర్థం కాలేదు. సార్ స్కూటర్ మీద ఇద్దరం తూంకుంట వెళ్లాం. దారి పొడుగునా సార్, పాత సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు ఇట్లాంటి ఫోన్లు ఎప్పుడూ రాలేదంటూనే ఉన్నారు.

మేం వెళ్లేసరికి ఆమె నడవలో ఉంది. కుర్చీ ఏటవాలుగా ఇరుక్కుని ఉంది, వెనక చక్రం ఒక గోడకు, కాళ్లు పెట్టుకునే పలక ఇంకో గోడకు. ముందుకు తోస్తే మోకాళ్లు ఇటుకలకు తగులుతున్నాయి. అప్పటికే వేళ్ల కణుపులు గీరుకుని ఎర్రబడ్డాయి. ఎవరినీ చేయి వేయనివ్వలేదట, నేనొచ్చి చూసేదాకా అలాగే ఉంటానందట. టేపు తీసి పెట్టాను. నాలుగడుగుల ఏడంగుళాలు. ప్లాస్టరింగ్ అయితే ఇంకో అంగుళం పోతుంది.

నాకు కోపం వచ్చింది. ప్లాను మీద అయిదని కొండంత అక్షరాలతో ఉంటే నాలుగు ఏడు ఎట్లా కట్టావని మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. ఆయన ప్లాను తెచ్చి, ఇసుక కుప్ప మీద పరిచి, జేబులోంచి స్కేలు తీసి పెట్టాడు. గీత నాలుగు ఏడే చూపించింది. ఇంకోచోట పెట్టాడు. పదకొండడుగుల గదికి పదడుగుల ఒక అంగుళం.

"అంకె అయిదు అంటాంది, గీత నాలుగు ఏడు అంటాంది. ఏది నమ్మాల్నో కీసర పని అప్పుడు మీరే జెప్పిన్రు కద మేడం. గీతనే నమ్మిన."

చుట్టూ తెల్లటి అంచు అప్పుడు కనిపించింది నాకు, అంటే దాని అర్థం కనిపించింది. ఇంతలో సార్ అందుకున్నారు. తప్పు మేస్త్రీది కాదు, మేడందీ కాదు, ఫుకట్ సాఫ్ట్‌వేర్‌ది, రేపే పాతది మళ్లీ వేయిస్తానని కండక్టరుకు భరోసా ఇచ్చేస్తున్నారు. నా తరఫున మాట్లాడుతున్నానని ఆయన అనుకున్నారు పాపం. రేపు ఏం వేయిస్తే ఈ గోడ జరుగుతుందో ఆయనే చెప్పాలి.

కండక్టరుకు అసలు గొడవే ఇష్టం లేదు. గృహప్రవేశం ముహూర్తం పెట్టేశారు, కార్డులకు ఇచ్చేశారు. ఆయన చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. "ఇగ కట్టినంక ఏం జేస్తం మేడం. పరేషాన్ గాకుండ్రి. నేనున్న కద, ఎత్తుకపోత" అన్నాడు.

ఆమె కుర్చీలోంచి ఆయన వైపు చూసింది. అరవలేదు. ఇటుకల మధ్య ఇరుక్కుని ఉన్న మనిషి అంత నిదానంగా ఎలా మాట్లాడిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"పద్దెనిమిదేండ్ల సంది ఎత్తుకుంటనే ఉన్నవు. నీకు విసుగు రాలే, నాకొచ్చింది. గందుకే గద ఇల్లు కట్టుకుంటున్నం."

కండక్టరు ముఖం చూడలేక నేను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను. ఇక అప్పుడు ఒకటే దారి ఉంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, మేస్త్రీది కాదు, నాదని చెప్పాను. గీతను నమ్మమన్నది నేను. ఆ గీతను బజార్లో కుదించుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది నేను. ప్రింటు చేతికొచ్చాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి స్కేలు పెట్టి చూసుకోలేదు. పదకొండు ప్రశ్నలు వేసుకుని సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నదాన్ని, ఆ కాగితం చివరికి ఎవరి చేతిలోకి పోతుందో ఆలోచించలేదు. ఇదంతా ఇంత చక్కగా చెప్పలేదు లెండి, మధ్యలో సార్‌ను ఆగండి సార్ అని కసిరాను కూడా. ఆఫీసులో చేరాక ఆయన్ను కసరడం అదే మొదలు.

తర్వాత హాల్లోకి వెళ్లి కొలిచాను. పద్నాలుగడుగుల నాలుగంగుళాలు. పోయిన అంగుళాలన్నీ అక్కడ పడుకుని ఉన్నాయి. మేస్త్రీని పిలిచి, హాలుకూ నడవకూ మధ్య గోడ ఒక్కటి తీసి ఆరంగుళాలు హాల్లోకి జరిపితే చాలు, ప్లాస్టరింగ్ పోగా నడవా సరిపోతుంది, వెనక బాత్‌రూమూ సరిపోతుంది అని చెప్పాను. మేస్త్రీ తలూపి, సుద్దతో గీత గీయబోయాడు.

"ఆరెందుకు?" అంది ఆమె. "హాలుకు ప్లాన్ల ఎంతున్నది?"

పదమూడు అన్నాను.

"అయితె పదమూడే ఉంచి, మిగిలింది మొత్తం ఇటే ఇయ్యుండ్రి."

కండక్టరు ఒకసారి టీవీ గోడ వైపు చూశాడు. తర్వాత మేస్త్రీ చేతిలో సుద్దముక్క తీసుకుని, పదమూడు దగ్గర తనే గీత గీశాడు.

ఆ గోడను మేస్త్రీ తన చేత్తోనే పగలగొట్టాడు, మనుషులను పెట్టలేదు. నేను పొద్దున్నే వెళ్లి కూర్చునేదాన్ని. ఆయన ఇటుకల వరస వేసిన ప్రతిసారీ నన్ను టేపు పెట్టమనేవాడు. నేను అంకె చెబితే, స్కేలు కూడా తీసి చూసుకునేవాడు. నాకు విసుగొచ్చింది గానీ, ఏమనే మొహం ఉంది నాకు.

ఆఫీసులో మాత్రం యుద్ధం. సార్ పాత సీడీ ఎక్కడో బీరువాలోంచి తీసి పెట్టారు. పాతది వేసినా ఏదో ఒకరోజు పీడీఎఫ్ ఇవ్వక తప్పదు, ప్రింటు షాపాయన ఆ టిక్కు తీయడు, రేపు ఆయన షాపు మూసేస్తే ఇంకో షాపాయనా తీయడు, ఏం మారుతుంది అని నేను మొండికేశాను. ఆ సాఫ్ట్‌వేర్‌నే ఉంచాను. ఒకటే మార్చాను. ప్రతి ప్లాన్లోనూ ఒక మూల ఒక కొలబద్ద గీయడం మొదలుపెట్టాను, ఒకటి, రెండు, మూడు అడుగులని గళ్లతో. కాగితం కుదిస్తే కొలబద్ద కూడా అంతే తగ్గుతుంది కాబట్టి, మేస్త్రీ తన స్టీలు స్కేలు బదులు దాంతో కొలుచుకుంటే ఏ మిషనూ మోసం చేయలేదు. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. మేస్త్రీ ఏం చేశాడంటే, ఆ కొలబద్దను కత్తెరతో నీటుగా కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. బాగుంది, చేతికి అలవాటుగా ఉంది అన్నాడు. నెల తర్వాత బహదూర్‌పల్లిలో ఇంకో ఇంటికి, ఇంకో కాగితం మీద, అదే ముక్క పెట్టి కొలుస్తుంటే పట్టుకున్నాను. అప్పట్నుంచి కొలబద్దను మూలలో గీయడం మానేసి, హాలు మధ్యలో అడ్డంగా గీశాను. కత్తిరిస్తే ఇల్లు రెండు ముక్కలవుతుంది. ఇల్లు కట్టించుకునేవాళ్లు "మేడం, హాల్లో ఈ నిచ్చెన ఏంది" అని అడిగేవాళ్లు. అడగనీ.

కాబట్టి పిల్లలూ, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అంటే, అది తెరిచే ఫైళ్లు చూడండి, కొలతలు చూడండి, అన్నీ చూడండి. చూసి, ఒక గది గీసి, మీ బజార్లో ప్రింటు తీయించి, మీ మేస్త్రీ చేతిలో పెట్టి, నోరు మూసుకుని పక్కన నిలబడండి. ఆయన ఏం చేస్తాడో చూశాక నాకు ఫోన్ చేయండి.

తూంకుంట ఇంటి గృహప్రవేశానికి నేను, సార్, మేస్త్రీ ముగ్గురం వెళ్లాం. కార్డులో ఉన్న ముహూర్తం దాటిపోయింది, ఇంకో ముహూర్తం పెట్టుకున్నారు. సార్ సోఫా చూసి, దాన్ని ఎటు తిప్పితే బాగుంటుందో కండక్టరుకు చెబుతున్నారు. వచ్చినవాళ్లు నడవ ఇంత వెడల్పేంటి, జాగా వేస్టు కదా అని అడుగుతున్నారు. హాల్లో భోజనాల విస్తళ్లు పరుస్తుండగా, ఆమె పడకగదిలోంచి కుర్చీ తోసుకుంటూ నడవలోకి వచ్చింది. ఎవరినీ చూడలేదు. ఒక్క ఊపులో తిరిగింది, ఏ గోడకూ తగల్లేదు. బాత్‌రూంలోకి వెళ్లింది, తలుపు మూసుకుంది, లోపల బోల్టు పడ్డ చప్పుడు వినిపించింది.

మేస్త్రీ తినబోతున్న ముద్ద విస్తట్లో పెట్టేశాడు. నేనూ తినలేదు. అయిదు నిమిషాలైంది, పదైంది. కండక్టరు లేచి రెండుసార్లు నడవ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మూడోసారి ఉండబట్టలేక తలుపు మీద చిన్నగా కొట్టి, ఏమైంది, రావాల్నా అని అడిగాడు.

"ఏం తొందరున్నది నీకు?" అంది ఆమె లోపలి నుంచి. "నువ్వు పోయి తిను. నన్ను జరసేపు కూసోనియ్యి."